ఎవరి పేరు మీద?

మా అవ్వ ఇరవై రెండేళ్లు బీడీలు చేసింది. కాగితాల ప్రకారం మాత్రం ఆమె ఒక్క బీడీ కూడా చేయలేదు.

ఇందులో వింతేమీ లేదని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పుట్టి పెరిగిన వాళ్లకు తెలుసు. మా ముత్యంపేటలో నా చిన్నప్పుడు ఏ అరుగు మీద చూసినా ఒళ్లో చాట పెట్టుకున్న ఆడవాళ్లే. తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇరవై అయిదేసి కట్టలు కట్టడం... మధ్యమధ్యలో పొయ్యి మీద అన్నం, పిల్లల ముక్కులు, అత్తగారి మందులు. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనికి పోయేవాడు. 2015 చివర్లో అది మూతపడే దాకా మా ఊళ్లో 'ఉద్యోగం' అంటే అదే. అవ్వ చేసేదాన్ని ఎవరూ ఉద్యోగం అనలేదు. "ఇంట్ల కూసుండి చేసుకునేదే గద" అనేవాళ్లు.

అవ్వకు కార్డు లేదు. కార్డంటే కంపెనీ రిజిస్టరులో పేరు, పి.ఎఫ్. నంబరు. కొత్త కార్డులు ఇవ్వడం లేదని టేకేదారు చెప్పాడు కాబట్టి, పక్కింటి పెద్దమ్మ కార్డు మీద అవ్వ తన బీడీలు వేసేది. కూలి డబ్బులు చేతికొచ్చేవి. పి.ఎఫ్. మాత్రం పెద్దమ్మ పేరు మీద జమయ్యేది. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఆసరా పింఛను మొదలైంది, 2015లో. నెలకు వెయ్యి రూపాయలు, 2019లో అది 2016 అయింది. షరతు ఒక్కటే... 2014 ఫిబ్రవరి 28 నాటికి పి.ఎఫ్. నంబరు ఉండాలి. పెద్దమ్మకు పింఛను వచ్చింది. అవ్వకు రాలేదు. కార్యాలయంలో కూర్చున్నాయన అవ్వ చేతివేళ్లు చూడలేదు, రిజిస్టరు చూశాడు. తంబాకు మరక చర్మంలోకి దిగిపోయిన ఆ వేళ్లను సాక్ష్యంగా తీసుకునే గడి దరఖాస్తులో లేదు మరి.

2025 ఆగస్టులో స్టెఫానీ షర్లీ తన 91వ ఏట చనిపోయిందన్న వార్త చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఈ కార్డు సంగతే. షర్లీని బ్రిటన్‌లో ప్రోగ్రామర్లయిన ఆడవాళ్ల కోసం కంపెనీ పెట్టిన మనిషిగా చెప్పుకుంటారు. నేను డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెప్తాను. మా పాఠ్యపుస్తకాల చరిత్ర అధ్యాయంలో ఆమె పేరు ఎక్కడా కనపడదు. ఉన్నవాళ్లంతా మగవాళ్లు, ఒక్క ఏడా లవ్‌లేస్ తప్ప. ఆమె కూడా 'కవి బైరన్ కూతురు' అన్న పరిచయంతోనే వస్తుంది.

షర్లీ కూడా కొంతకాలం ఇంకో పేరు మీద పనిచేసింది. ఆ పేరు స్టీవ్.

ఆమె అసలు పేరు వేరా బుక్‌తాల్. 1933లో జర్మనీలోని డార్ట్‌మండ్‌లో పుట్టింది. తండ్రి యూదు న్యాయమూర్తి, నాజీలు రాగానే పదవి పోయింది. 1939లో, యుద్ధానికి కొద్ది వారాల ముందు, అయిదేళ్ల వేరానూ తొమ్మిదేళ్ల అక్క రెనేట్‌నూ తల్లి వియన్నాలో రైలెక్కించింది. యూదు పిల్లల్ని ఇంగ్లండు చేర్చిన కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ రైళ్లలో ఒకటది. పెంపుడు తల్లిదండ్రుల దగ్గర పెరిగింది. బళ్లో ఆడపిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు లేకపోతే పక్కనున్న మగపిల్లల బడికి పోయి నేర్చుకుంది. పద్దెనిమిదేళ్లకు బ్రిటిష్ పౌరసత్వం తీసుకుని పేరు స్టెఫానీ బ్రూక్ అని మార్చుకుంది. 1951లో లండన్ దగ్గర డాలిస్ హిల్‌లోని పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో చేరింది. పగలు ఉద్యోగం, సాయంత్రం క్లాసులు, అట్లా ఆరేళ్లు చదివి గణితంలో డిగ్రీ సంపాదించింది. 1959లో భౌతిక శాస్త్రవేత్త డెరెక్ షర్లీని పెళ్లాడింది.

ఆ కాలపు బ్రిటన్‌లో కంప్యూటర్ పని ఎవరిది అనే ప్రశ్న దగ్గర కొంచెం ఆగాలి. మనం అనుకున్నట్టు అది మొదట్నించీ మగవాళ్ల పని కాదు. ప్రభుత్వ కార్యాలయాల్లో గణన యంత్రాలు నడిపింది ఎక్కువగా ఆడవాళ్లే. అక్కడి సివిల్ సర్వీసులో 1955లో సమాన వేతనం ప్రకటించి, విడతలు విడతలుగా 1961 దాకా అమలు చేశారు. కానీ యంత్రాల మీద పనిచేసే శ్రేణులకు అది వర్తించలేదు. కారణం తెలిస్తే నవ్వొస్తుంది. ఆ పనిలో మగవాళ్లు లేరు కాబట్టి, సమానం చేయడానికి పోల్చుకునే మగ జీతం లేదట! 'ప్రోగ్రామ్డ్ ఇనీక్వాలిటీ' అనే పుస్తకంలో (2017) మార్ హిక్స్ ఈ చరిత్రంతా తవ్వి తీశారు. యంత్రాలకు అధికారం ఉందని తెలిసొచ్చాక, ఆ కుర్చీల్లోకి మగవాళ్లను తెచ్చి కూర్చోబెట్టాలని చూశారనీ, ఆ పని తెలిసిన ఆడవాళ్లను అలా వదులుకోవడం ఆ దేశపు కంప్యూటర్ రంగాన్నే దెబ్బతీసిందనీ హిక్స్ వాదన. అది చదువుతున్నప్పుడు నాకు బీడీ కూలి గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? అందరూ ఆడవాళ్లే చేసే పనికి రేటు ఎక్కడ్నుంచి కడతారు, దేనితో పోలుస్తారు?

షర్లీ తర్వాత ఒక కంప్యూటర్ కంపెనీకి మారింది. ఒక సమావేశంలో ధర గురించి మాట్లాడబోతే, నువ్వు సాంకేతిక పనిదానివి, ఇది నీకు సంబంధం లేదని నోరు మూయించారు. 1962లో రాజీనామా చేసి, ఆరు పౌండ్ల పెట్టుబడితో, ఇంట్లో భోజనాల బల్ల మీద 'ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్' మొదలుపెట్టింది. అప్పుడు సాఫ్ట్‌వేర్ అమ్మడం అంటేనే జనం నవ్వారు. యంత్రం కొంటే ఊరికే వచ్చే దానికి డబ్బెవరిస్తారు? అదీ ఒక ఆడమనిషి దగ్గర కొనడం! ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. భర్త ఒక సలహా ఇచ్చాడు... స్టెఫానీ అని కాక స్టీవ్ అని సంతకం పెట్టి చూడమని. జవాబులు రావడం మొదలైంది. స్టీవ్‌ను కలుద్దామని వచ్చినవాళ్లు గదిలో ఆడమనిషిని చూసి తేరుకునే లోపల మాట మొదలైపోయేది.

ఈ స్టీవ్ కథను చాలామంది తమాషాగా చెప్తారు. నాకది తమాషాగా అనిపించదు. ఒకే మనిషి, ఒకే ఉత్తరం, ఒకే లెక్క. మారింది పేరొక్కటే.

కంపెనీ నడిచిన తీరులో ఇంకా పెద్ద సంగతి ఉంది. పెళ్లయి, పిల్లలు పుట్టి ఉద్యోగాలు మానేసిన ప్రోగ్రామర్లను ఆమె వెతికి పట్టుకుంది. ఇంట్లో ఉండి పని చేయొచ్చని, స్త్రీవాద వ్యతిరేకులు దరఖాస్తు పెట్టుకుని లాభం లేదని పత్రికలో ప్రకటన ఇచ్చింది. అప్పుడు ఇంటింటా కంప్యూటర్ లేదు. యంత్రం ఎక్కడో ఉండేది, ప్రోగ్రాం మాత్రం పెన్సిలుతో కాగితం మీదే పుట్టేది. ఫ్లోచార్ట్ గీసి, కోడింగ్ షీట్ల మీద ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసి పోస్టులో పంపితే, ఆ షీట్లు పంచ్ కార్డులయ్యేవి. కార్డులు యంత్రంలోకి పోయేవి, తప్పులొస్తే మళ్లీ పోస్టులో ఇంటికి వచ్చేవి. వంటింటి బల్ల, పెన్సిలు, ఒక టెలిఫోను... వాళ్ల కార్ఖానా అదే. కాంకర్డ్ విమానం బ్లాక్‌బాక్స్ ప్రోగ్రాములు రాసింది అట్లా ఇళ్లలో కూర్చున్న ముప్పై మంది ఆడవాళ్లు. ఆ జట్టును నడిపిన ఆన్ మొఫాట్ కూడా పసిబిడ్డ తల్లే.

షర్లీకి 1963లో కొడుకు పుట్టాడు, జైల్స్. ఖాతాదారు ఫోన్ చేసినప్పుడు బిడ్డ ఏడుపు వినపడకూడదని ఆమె టైపు చేస్తున్న చప్పుడును టేపు మీద రికార్డు చేసి పెట్టుకుంది. ఫోను మోగగానే టేపు వేసేది. అవతలి వాళ్లు అదేదో పెద్ద ఆఫీసనుకునేవాళ్లు. కొడుకు రెండేళ్లు దాటాక వచ్చిన కొద్ది మాటలూ పోగొట్టుకున్నాడు, తీవ్రమైన ఆటిజం అని తర్వాత తేలింది. 1998లో ముప్పై అయిదేళ్లకు చనిపోయాడు. సంపాదించిన డబ్బులో అధిక భాగం ఆమె ఆటిజం బాధితుల కోసమే ఇచ్చేసింది. కానీ ఈ త్యాగమూర్తి భాగం మీద నేనిక్కడ ఎక్కువసేపు ఉండదలచుకోలేదు. ఆడవాళ్ల చరిత్ర ఎప్పుడు రాసినా చివరికి తల్లి గుండె దగ్గరికే తీసుకుపోయి ఆపడం మనకు అలవాటైపోయింది.

పసిబిడ్డను పెట్టుకుని పనిగంటలను లెక్కేసుకున్న మనిషి మన తెలుగువాళ్లలోనూ ఉంది. షర్లీ కంటే ముందే. అయ్యలసోమయాజుల లలిత, మన దేశంలో తొలి మహిళా ఇంజనీరు. ఆమెది కంప్యూటర్ల రంగం కాదు, విద్యుత్తు. అయినా ఈ కథలో ఆమెకు చోటుంది. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టింది. పదిహేనో ఏట పెళ్లి. 1937లో కూతురు శ్యామల పుట్టిన నాలుగు నెలలకే భర్త పోయాడు. పద్దెనిమిదేళ్ల వితంతువు. మళ్లీ చదువుకుంటానంది. వైద్యం చదవొచ్చు, ఆ కాలంలో ఆడపిల్లలకు తెరిచి ఉన్న తలుపు అదే. కానీ డాక్టరంటే అర్ధరాత్రి బిడ్డను వదిలి పోవాలి. పొద్దున పోయి సాయంత్రం వచ్చే పని కావాలని ఇంజనీరింగు ఎంచుకుంది. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలోనే ఆచార్యుడు. ఆయన ప్రిన్సిపల్ దగ్గరికీ, విద్యాశాఖ డైరెక్టరు దగ్గరికీ తిరిగి అనుమతి తెచ్చాడు. 1940లో లలిత చేరింది. ఆమె వెనకే లీలమ్మ జార్జి, పి.కె. త్రేస్య కూడా చేరారు. పట్టాలు ఇచ్చేనాటికి కళాశాల దగ్గర ఆడవాళ్లకు సరిపోయే కాగితం లేదు. అచ్చులో 'అతను' అని ఉన్న చోట కొట్టేసి 'ఆమె' అని రాసి ఇచ్చారు.

లలిత తర్వాత సిమ్లాలో కేంద్ర ప్రమాణాల సంస్థలోనూ, 1948 నుంచి కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లోనూ పనిచేసింది. విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు ఆమె చేతి మీదుగా పోయాయి. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో ఆమెది కూడా చెయ్యి ఉంది. కలకత్తాలో సోదరుడి కుటుంబం ఉంది కాబట్టి శ్యామల అక్కడ పెరిగింది, తల్లి ఆఫీసుకు పోగలిగింది. అంటే లలిత ఇంజనీరుగా బతికిన ప్రతి పగలూ ఒక వదినో మరదలో ఇంట్లో ఆ బిడ్డకు అన్నం పెట్టిన పగలే. ఆ ఇల్లాలి పగళ్లను ఏ సంస్థ చరిత్రా లెక్కలోకి తీసుకోదు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగితే లలిత మన దేశం నుంచి వెళ్లింది. షర్లీ తన బల్లమీది వ్యాపారాన్ని లిమిటెడ్ కంపెనీగా నమోదు చేసుకున్నదీ ఆ సంవత్సరమే. వాళ్లిద్దరూ ఒకరికొకరు తెలియదు. బిడ్డ నిద్రపోయే గంటలు, మేలుకునే గంటలు పెట్టుకునే ఇద్దరూ తమ వృత్తిని కొలుచుకున్నారు. లలిత తన జీవితాన్ని ఆఫీసు గంటలకు సర్దుకుంది, షర్లీ ఆఫీసునే ఇంటి గంటలకు వంచింది.

ఇక్కడ నాలోని బీడీ కార్మికురాలి కూతురు అడ్డం వస్తుంది. ఇంటికి పని పంపడం గొప్ప సంస్కరణ అని మురిసిపోవడానికి ఆమె ఒప్పుకోదు. మా ఊళ్లో ఆకూ తంబాకూ ఇంటికి పంపింది ఆడవాళ్ల మీద దయతో కాదు. షెడ్డు కట్టక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు, సంఘం పెట్టుకోవడానికి పదిమంది ఒక చోట కూడరు, తీసుకుపోయిన బీడీల్లో బాగాలేవని ఏరి పారేస్తే అడిగేవాళ్లు లేరు. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చేసేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. ఆ చట్టాన్ని దాటేసే ఉపాయం చాలా చిన్నది... పేరు రాయకపోవడం.

మరి షర్లీ ఆడవాళ్లకూ మా అవ్వకూ తేడా ఏమిటి? ఇద్దరికీ నెల జీతం లేదు, చేసిన పనికే డబ్బు. ఇద్దరిదీ ఇల్లే కార్ఖానా. చదువు తేడా అంటారు, సరే, కానీ నిమిషానికి ఇన్నని వేళ్లతో ఆకు చుట్టడం నైపుణ్యం కాదని ఎవరన్నారు? నేను మూడు వేసవి సెలవులు కూర్చుని నేర్చుకున్నా అవ్వ బీడీలో నా బీడీ కలిసేది కాదు. నాకు తోచిన తేడా వేరే ఉంది. షర్లీ దగ్గర పనిచేసిన మనిషి పేరు పని మీద ఉంది. ఆ తర్వాత ఆ పేరు కంపెనీ వాటాల మీదికి కూడా వచ్చింది. షర్లీ తన కంపెనీలో నాలుగో వంతు పనిచేసేవాళ్ల చేతుల్లో పెట్టింది. 1996లో ఎఫ్.ఐ. గ్రూపు పేరుతో అది లండన్ స్టాక్ ఎక్స్చేంజికి ఎక్కింది. 1973 దాకా ఆడవాళ్లను సభ్యులుగా రానివ్వని ఎక్స్చేంజి అది! వాటాలున్న సిబ్బందిలో డెబ్బై మంది మిలియనీర్లయ్యారు. ఎప్పుడో వంటింటి బల్ల మీద కోడింగ్ షీటు నింపిన వాళ్లు.

మిలియనీర్లయిన లెక్క చూసి మురిసిపోయే స్త్రీవాదం నాది కాదు. కొద్దిమందికి వచ్చిన వాటాతో అందరి కూలీ బాగుపడదు. పైగా ఆమె దగ్గర పనిచేసిన వాళ్లు చదువుకున్న మధ్యతరగతి ఆడవాళ్లు, ఇంటికి ఫోను ఉన్నవాళ్లు. ఆ ఇళ్లలో గిన్నెలు తోమిన చేతుల గురించి కంపెనీ చరిత్రలో ఏమీ లేదు. అయినా యజమాని కుర్చీలో ఉండి, ఇంట్లో పనిచేసే ఆడదానికి యాజమాన్యంలో భాగం ఇవ్వాలనుకోవడం మామూలు విషయం కాదు. అదే 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి పనిచేసే వాళ్ల హక్కుల మీద 177వ ఒప్పందం చేసింది. మన దేశం ఇంతవరకూ దాన్ని ఆమోదించలేదు.

ఇంకో విడ్డూరం ఉంది. మొదటి మూడు వందల మంది సిబ్బందిలో ఆమె కంపెనీలో మగవాళ్లు ముగ్గురే. 1975లో బ్రిటన్‌లో లింగ వివక్ష నిషేధ చట్టం వచ్చింది. ఆడవాళ్ల కోసం తెచ్చిన చట్టమే ఆడవాళ్లకు ప్రాధాన్యమిచ్చే ఈ కంపెనీని తప్పుపట్టింది, మగవాళ్లనూ తీసుకోవలసి వచ్చింది. షర్లీ ఈ మాట నవ్వుతూ చెప్పేది. తర్వాత ఆమె బ్రిటిష్ కంప్యూటర్ సొసైటీకి తొలి మహిళా అధ్యక్షురాలైంది, 1989లో. కంపెనీ 2001లో జాన్సా అయి, 2007లో ఒక ఫ్రెంచి సంస్థలో కలిసిపోయేనాటికి దాని ఉద్యోగులు వేల సంఖ్యలో నోయిడా, చెన్నై, పుణేల్లో ఉన్నారు. బిడ్డల తల్లుల కోసం పుట్టిన కంపెనీ పని చివరికి మన దేశపు అద్దాల మేడల్లోకి వచ్చింది. రాత్రి షిఫ్టులతో, కాబ్‌లతో, బిడ్డను ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన తల్లులతో.

నేను ఆ తల్లుల్లో ఒకదాన్ని. 2009లో హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ, బిడ్డ పుట్టాక ఆరు నెలలు ఇంటి నుంచి పని ఇవ్వమని అడిగాను. ఇంట్లో కూర్చుంటే పనిచేస్తున్నట్టు మాకెట్లా తెలుస్తుందన్నారు. మానేసి వచ్చేశాను. పదకొండేళ్లకు, 2020 మార్చిలో, అవే కంపెనీలు ఒక్క వారంలో అందరినీ ఇళ్లకు పంపాయి. మగవాళ్లు బెడ్‌రూముల్లో తలుపేసుకుని మీటింగుల్లో మాట్లాడారు, పిల్లల ఏడుపు వినపడకుండా మ్యూట్ నొక్కారు. షర్లీ టేపు రికార్డరు పని ఇప్పుడు ఒక బటను చేస్తోంది. తలుపు అవతల పిల్లల్ని పట్టుకున్నది ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

మొన్న సంక్రాంతి సెలవులకు ముత్యంపేట పోయినప్పుడు అవ్వకు ఈ కథంతా చెప్పాను. బీడీలు మానేసి చాలా కాలమైంది, దగ్గు మిగిలింది. పేరు మార్చుకుని ఉత్తరాలు రాసిందంటే అవ్వ ఆశ్చర్యపోలేదు.

"పేరుదేముంది బిడ్డా, పైసలు అచ్చినయా లేదా?"

"వచ్చినయే అవ్వా. దగ్గర పనిచేసినోళ్లకు గూడ వాటా ఇచ్చింది."

"వాటానా?" అని కాసేపు ఊరుకుంది. "మన పెద్దమ్మ గూడ పింఛను అచ్చినప్పుడల్లా నాకు రెండు వందలు ఇత్తది. నేను అడగలే. ఆమెనే ఇత్తది."

ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియదు. ఒక కార్డు మీద ఇద్దరు ఆడవాళ్లు చేసుకున్న లెక్క అది, ఏ టేకేదారుకూ చెప్పకుండా.

టేపు రికార్డరు ముచ్చట మాత్రం అవ్వకు బాగా నచ్చింది. టైపు చప్పుడు ఎట్లా ఉంటుందని అడిగి, నేను బల్ల మీద వేళ్లతో కొట్టి చూపిస్తే నవ్వింది. తర్వాత అడిగింది.

"గదంత మంచిగనే ఉన్నది గని, చప్పుడు పెట్టి ఫోన్‌ల మాట్లాడుతుంటే, ఆ పిలగాన్ని ఎవలు ఎత్తుకున్నరే?"

నేనేదో అనబోయే లోపల తనే అందుకుంది. "నేనైతె నీ తొట్టెల తాడు కాలి బొటనేలుకు కట్టుకుంటుంటి. నువ్వు ఏడిత్తె కాలు ఊపేదాన్ని. వెయ్యి బీడీలు అయ్యేదాంక గట్లనే."

కుడికాలు ముందుకు చాపి చూపించింది. బొటనవేలి కింద తాడు ఒరుసుకున్న చోట చర్మం ఇంకా కొంచెం నల్లగా, గట్టిగా ఉంది.